ఏ చేను కాయడానికి?

మా తమ్ముడు మొన్న వయనాడు నుంచి ఫొటోలు పంపాడు. పెళ్లాం బిడ్డతో రెండు రోజులకని వెళ్లి, వైత్తిరి దగ్గర అడవిలో చెట్టు మీద కట్టిన గదిలో దిగాడట. దోమతెర వేసిన మంచం, కిటికీ అవతల ఆకులు, తాళ్ల వంతెన, దాని మీద ఏడుపు మొహంతో మా మేనల్లుడు. ఫోను నాన్న చేతికిచ్చాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేసి, గది అడుగున దూలాలు కొమ్మకు ఆనే చోటు వెతుక్కుని మరీ చూశాడు. మనవడి గురించి ఒక్క మాట లేదు. "మేకులు కొట్టారా, కట్టారా?" అన్నాడు.

ఆ ప్రశ్న నాన్నది కాదు, తాతయ్యది. 2006 డిసెంబరులో అరకు దగ్గర ఒక కాఫీ తోటలో మేం గడిపిన ఒకే ఒక్క రాత్రి నుంచి అది మా ఇంట్లో ఉండిపోయింది.

అప్పట్లో మేం విశాఖ ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్నకు షిఫ్టు డ్యూటీ. ఆయన ఇంట్లో ఉంటే మాకు బడి, మాకు సెలవైతే ఆయనకు నిద్ర. శని, ఆదివారాలు రెండూ కలిసి ఆయనకు ఖాళీ దొరకడమంటే క్యాలెండర్‌లో చుట్టూ గీత గీసుకోవలసిన సంగతి. తమ్ముడికి తొమ్మిదేళ్లు, చెట్టు మీద ఇల్లు కావాలని పిచ్చి. క్వార్టర్ వెనక జామచెట్టుకు అమ్మ పాత చీర కట్టి, అందులో కూర్చుని లెక్కలు చేసేవాడు. ఒకరోజు చీర చిరిగి, ఎక్కాల పుస్తకంతో సహా కింద పడ్డాడు. చెయ్యి విరిగింది. నెలన్నర తర్వాత కట్టు విప్పిన రోజున, నాన్న వాడి చెయ్యి తడుముతూ, "అసలు సిసలైన చెట్టింట్లో పడుకుంటావురా?" అని అడిగాడు. తోటి ఉద్యోగి ఎవరో ఆ కాఫీ తోట సంగతి చెప్పారట.

అమ్మ ఒకటే షరతు పెట్టింది. "ఊళ్లో మావయ్యగారు ఒక్కరే ఉంటే మనం వెళ్లి చెట్టెక్కి కూర్చుంటామా? ఆయనా రావాలి." నాన్నదీ ఒక షరతు: ఆ గదికి ఎంత కట్టామో తాతయ్యకు ఎవరూ చెప్పకూడదు. మా ఇద్దరి చేతా దేవుడి పటం ముందు ఒట్టు వేయించుకున్నాడు.

తాతయ్యది శృంగవరపుకోట పక్క పల్లె. కిరండూల్ పాసింజరు ఎలాగూ అటే వెళుతుంది కాబట్టి మేం విశాఖలో ఎక్కాం, ఆయన కోటలో ఎక్కాడు. తలకు తుండుగుడ్డ, చేతిలో కర్ర, ఇంకో చేతిలో బరువైన గోనెసంచి. సంచిలో సగం వేరుశనగకాయలు, సగం దుప్పటి. రైలెక్కగానే అమ్మ పులిహోర డబ్బా మూత తీసింది. కొండదారి మొదలయ్యేలోపే అది అయిపోయింది.

బొడ్డవర దాటాక రైలు కొండెక్కడం మొదలుపెడుతుంది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలని తమ్ముడు ఎక్కడో చదివాడు. ప్రతి చీకటికీ పెట్టె అంతా కేకలు. ఇరవై దాటాక వాడి లెక్కకూ నా లెక్కకూ పొత్తు కుదరలేదు. జుట్లు పట్టుకునే దాకా వచ్చింది. తాతయ్య మాత్రం సొరంగాన్ని లెక్కపెట్టడు, గోడను చూస్తాడు. 1960ల్లో ఈ లైను వేస్తున్నప్పుడు ఆయన రెండు వేసవులు కూలికి వచ్చాడట, రాళ్లు మోయడానికి. "ఇదేనా మీరు తవ్వింది?" అని ప్రతి సొరంగంలోనూ అడిగాం. "చీకట్లో ఎలా తెలుస్తుంది? అప్పుడు ఇక్కడ కొండ ఉండేది" అన్నాడు.

ఆ లైను వేసిందే ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి. తర్వాత మా నాన్న పనిచేసే ఉక్కు కర్మాగారానికీ ఆ కొండల ఖనిజమే దిక్కయింది. ప్లాంటులో నాన్న ఉండేది కూడా ముడిసరుకు దించుకునే విభాగంలోనే. మా పాసింజరును ఒక స్టేషన్లో పక్కకు నిలిపి, ఎదురుగా వచ్చే ఖనిజం బండికి దారి ఇచ్చారు. అందరూ లోయ వైపు తొంగి చూస్తుంటే నాన్న రెండో వైపు కిటికీకి చేరి ఒక్కొక్క వ్యాగనూ లెక్కపెట్టాడు. పెదవులు కదులుతున్నాయి. అమ్మ కాసేపు చూసి, "మీరు డ్యూటీ దిగి వచ్చారనుకున్నాను" అంది.

శిమిలిగుడ స్టేషన్లో సముద్ర మట్టానికి 996 మీటర్లని రాసిన బోర్డు ఉంటుంది. దానికి మన చెట్టు ఎత్తు కలపాలా వద్దా అని తమ్ముడి సందేహం. కలుపుకోమన్నాం.

అరకులో దిగి, జీపు మాట్లాడుకుని తోటకు వెళ్లాం. బొర్రా గుహలూ మ్యూజియమూ వగైరా ఏవీ చూడలేదు, వాటికి తర్వాత ఎన్నిసార్లో వెళ్లాం. వలిసె పూల కాలం అయిపోవచ్చింది. దారి పొడవునా అక్కడొక చేను చెక్క, ఇక్కడొక చేను చెక్క పసుపుపచ్చగా మిగిలి ఉన్నాయి. తోటలో నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. పళ్లు కోసే రోజులవి. నడుముకు బుట్టలు కట్టుకున్న ఆడవాళ్లు ఎర్రటివి మాత్రమే ఏరి కోస్తున్నారు. ఒకామె తమ్ముడి చేతిలో నాలుగు పళ్లు పెట్టింది. వాడు నోట్లో వేసుకుని ఆశ్చర్యపోయాడు: తియ్యగా ఉంది, జిగురుగా ఉంది, కాఫీ వాసనే లేదు. గింజలు ఉమ్మేసి జేబులో దాచుకున్నాడు. ఇంటికొచ్చాక జామచెట్టు పక్కన పాతాడు. మొలవలేదనుకోండి.

ఇక చెట్టు. తోట చివర, అడవి మొదలయ్యే చోట, ఇద్దరం చేతులు చాపి పట్టుకున్నా చుట్టుకు రాని పాత మామిడి. దాని కొమ్మల పంగలో చెక్కలతో ఒక గది, ముందు చిన్న వసారా, రేకుల కప్పు, రేకులు కనిపించకుండా పైన గడ్డి. పద్నాలుగు మెట్లు. వసారాలోంచి ఒక కొమ్మ నేలను చీల్చుకుని పైకి పోతుంది. దానికి మనుషులు ఆనుకుని ఆనుకుని బెరడు నున్నబడింది. స్నానాల గది మాత్రం కిందే. అమ్మకు అక్కడే మనసు విరిగింది. "రాత్రి లేస్తే పద్నాలుగు మెట్లు దిగాలా?" అని, ఆ క్షణం నుంచి మంచినీళ్లు తాగడం మానేసింది. తమ్ముడు అప్పటికే మూడుసార్లు ఎక్కి దిగాడు.

తాతయ్య ఎక్కలేదు. కర్ర చంకలో పెట్టుకుని చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. దూలం చెట్టుకు ఆనే చోట ఆగి, బొటనవేలంత లావు మేకు తలను గోటితో గీకాడు. మేకు చుట్టూ బెరడు నల్లబడి, జిగురు కారి ఎండిపోయి ఉంది.

"ఇది ఏ చేను కాయడానికి కట్టారురా?" అన్నాడు.

నాన్న నవ్వబోయి ఆగాడు. తాతయ్య నిజంగానే అడుగుతున్నాడు. ఆయన చూస్తున్నది మా కాఫీ తోట చెట్టిల్లు కాదు, మంచె. మంచె అన్నాక దాని కింద ఒక చేను ఉండాలి కదా.

"చేను లేదు నాన్నా. ఊరికే, పడుకోవడానికి."

"పడుకోవడానికి చెట్టెక్కడం ఎందుకు? కింద చోటు లేకనా?"

ఆ తర్వాత అరగంట ఆయన ఆ ఇంటిని ముక్కముక్కలు చేశాడు. మంచెకు తలుపు ఉండదు, నాలుగు దిక్కులూ కనబడాలి. ఇంత గోడ పెడితే వెనక నుంచి పంది వచ్చి చేను తినేసి పోయినా తెలియదు. అన్నిటికన్నా ఆయనకు కష్టం కలిగించింది మేకు. "మంచెకు మేకు కొట్టరమ్మా" అని నాకు చెప్పాడు, నేనేదో రేపు కట్టబోతున్నట్టు. "చెట్టు గాలికి ఊగుతుంది. కట్టు అయితే దానితోపాటు ఊగుతుంది. మేకు అక్కడే పట్టుకుని పోట్లాడుతుంది. పైగా నార వదులైతే కంటికి కనబడుతుంది, బిగించుకుంటాం. మేకు వదులైన సంగతి కింద పడ్డాకే తెలుస్తుంది." ఇది విన్న అమ్మ ఆ రాత్రి పక్కలు వేసేటప్పుడు పిల్లలిద్దరినీ చెట్టు మానుకు దగ్గరగా, గది లోపలి మూలకు జరిపింది.

పొద్దు వాలగానే చలి మొదలైంది. ఆ నెలలో అక్కడ పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. విశాఖలో పుట్టి పెరిగిన మా దగ్గర ఉన్నవి బడి స్వెట్టర్లు. కింద మంట వేశారు. తోటవాళ్లు వెదురు బొంగులో కోడిమాంసం కూరి, నోటికి ఆకులు కుక్కి, నిప్పుల మీద దొర్లిస్తూ కాల్చారు. బొంగు పచ్చిది కాబట్టి అంత తొందరగా కాలిపోదు, లోపల మాంసం దాని నీటితోనే ఉడుకుతుంది. చీల్చి ఆకులో వంపినప్పుడు వచ్చిన ఆ వాసన గురించి రాయడం మొదలుపెడితే ఇక్కడే ఆగిపోతాను, వదిలేస్తున్నాను.

తాతయ్య వేరుశనగకాయలను బూడిదలో కాల్చి మాకు ఒలిచి పెడుతూ కబుర్లలో పడ్డాడు. మాకు తెలియని నాన్న అక్కడ బయటికి వచ్చాడు. కొండ దిగువన మా వేరుశనగ చేను, విత్తింది మొదలు తవ్వేదాకా నాలుగు నెలలూ రాత్రిళ్లు అడవి పందుల కాపలా. పదేళ్ల వయసు నుంచీ నాన్నా తాతయ్యతోపాటు మంచె ఎక్కేవాడట. ఇంట్లో ఉన్నది ఒకటే లాంతరు. వెలుతురు ఉంటే పందులు దగ్గరికి రావని లాంతరు మంచె మీదికే వెళ్లేది. లాంతరు ఎక్కడుంటే పుస్తకం అక్కడ. తెల్లవార్లూ నిద్రపోకుండా ఉండాలి కాబట్టి చదవక చేసేదేముంది?

"మీ నాన్న పదో తరగతి గట్టెక్కింది పందుల పుణ్యం" అన్నాడు తాతయ్య.

నేను నాన్న వైపు చూశాను. మంట వెలుగులో ఆయన నేల మీద పుల్లతో ఏవో గీతలు గీస్తున్నాడు. మాకెప్పుడూ ఎందుకు చెప్పలేదో తెలియదు. సిగ్గేమీ కాదనుకుంటాను. మేం చెట్టు మీద ఇల్లు కావాలని ఏడుస్తుంటే, తనకు అది ఒకప్పుడు ఉండేదని చెప్పడం ఆయనకు తోచి ఉండదు. ఆయన దృష్టిలో రెండూ ఒకటి కావు.

రాత్రి ఎప్పుడో కంచం మోతకు ఉలిక్కిపడి లేచాను. దానితోపాటే ఒక కేక. "హో... హోహో... హోయ్!" నేను అంత పెద్ద గొంతు అంతకుముందు వినలేదు. వసారాలో తాతయ్య, కొమ్మకు నడుం ఆనించి, ఒక చేత్తో అమ్మ స్టీలు కంచం, ఒక చేత్తో గరిటె. చీకట్లోకి వంగి మోగిస్తున్నాడు. తమ్ముడు ఏడుపు అందుకున్నాడు. అమ్మ భూకంపం అనుకుంది. నాన్న మాత్రం లేవలేదు. పడుకున్నచోటు నుంచే, కళ్లు మూసుకునే, "ఎటు నుంచి?" అన్నాడు. నిద్రలోనే అడిగాడని నా అనుమానం.

"ఉత్తరం వైపు. మూడో నాలుగో" అన్నాడు తాతయ్య.

కింద టార్చిలైటు పరుగెత్తుకొచ్చింది. తోట కాపలా అతను. ముప్పై ఏళ్లుంటాయేమో, తలకు మఫ్లరు, ఒంటికి గొంగళి. "ఏమైంది బాబూ? పాము కనబడిందా?" అని అడిగాడు. పందులని తెలిసి నవ్వాడు. "ఇక్కడేం తింటాయి తాతా, కాఫీ పళ్లా? కుక్కలై ఉంటాయి." తాతయ్యకు ఆ మాట నచ్చలేదు. పద్నాలుగు మెట్లూ దిగి వెళ్లి మంట దగ్గర కూర్చున్నాడు. కుక్కకూ పందికీ అడుగు చప్పుడులో తేడా అతనికి చెప్పడం మొదలుపెట్టాడు. కుక్క ఆకుల మీద గెంతుతుంది, పంది దున్నుకుంటూ పోతుంది.

నాకిక నిద్ర పట్టలేదు. వసారాలో దుప్పటి కప్పుకుని కూర్చుని విన్నాను. అతనిది కొండ అవతల గూడెం. అతనికీ చేను ఉంది, కందులూ, పక్కన చిలగడదుంపలూ. అతనికీ మంచె ఉంది.

"మరి అక్కడ ఎవరున్నారు?"

"మా ఆవిడ. నాకిక్కడ డ్యూటీ కదా తాతా."

తాతయ్య కాసేపు ఏమీ అనలేదు. ఒక కర్ర మంటలోకి తోశాడు. తర్వాత, "పొద్దున్న నీ మంచె చూపిస్తావా?" అన్నాడు.

తెల్లారాక పొగమంచులో బయల్దేరాం. అమ్మ కంచానికి పడ్డ సొట్టలు లెక్కపెట్టుకుంటూ వెనక వచ్చింది. (ఆ కంచం ఇప్పటికీ ఉంది. బియ్యం డబ్బాకు మూతగా వాడుతుంది, కానీ పారేయదు.) మంచుకు తడిసిన గడ్డిలో అరగంట నడక. గట్టెక్కగానే కంది చేను, దాని నడుమ మంచె.

దాన్ని నేను కళ్లు మూసుకుని గీయగలను. నాలుగు రాటలు, ఇద్దరు మనుషుల ఎత్తు. ఒక రాట అక్కడ సహజంగా పెరిగిన చెట్టే, తల నరికినా పక్క కొమ్మలు చిగుర్లు వేసి ఉన్నాయి. వెదురు తడిక పరుపు, పైన గడ్డి కప్పు, అంతే. కట్లన్నీ అడ్డతీగ నారతో. కింద నిప్పు ఆరిపోకుండా ఒక మొద్దు సన్నగా పొగలు కక్కుతోంది. మంచె మీది నుంచి చేను నాలుగు మూలలకూ తాళ్లు, ప్రతి తాడుకూ డొల్ల డబ్బాలూ, పగిలిన సీసాలూ వేలాడుతున్నాయి. పైన కూర్చున్నవాళ్లు ఏ తాడు లాగితే ఆ మూల గలగలమంటుంది. తాతయ్య ఒక తాడు పట్టుకుని లాగాడు. మళ్లీ లాగాడు. "ఈ ఉపాయం మాకు తట్టలేదురా" అన్నాడు నాన్నతో. "గొంతులు పోయేట్టు అరిచి చచ్చాం."

కాపలా అతని భార్య నిచ్చెన దిగింది. చంకలో నిద్ర మత్తులో ఉన్న పిల్ల. మమ్మల్ని చూసి సిగ్గుపడి, ఇంటికి పోయి చోడి (రాగి) అంబలి తెచ్చింది. రాత్రి పందులు వచ్చాయా అని తాతయ్య అడిగాడు. వచ్చాయంది. ఇటు రాబోతుంటే కాఫీ తోట దిక్కు నుంచి ఎవరో అరిచారు, వెనక్కి మళ్లిపోయాయంది. నిజంగా జరిగిందో, రాత్రంతా మేలుకున్న ముసలాయన మనసు నొప్పించడం ఎందుకని మొగుడు కన్ను గీటితే అందో నేను చెప్పలేను. తాతయ్య కాపలా అతని వైపు చూసి, "కుక్కలన్నావు!" అన్నాడు. ఆ ప్రయాణమంతటిలో ఆయన అంత గర్వంగా ఉన్నది అప్పుడే.

ఆయన ఆ మంచె ఎక్కాడు, డెబ్బై ఏళ్ల మనిషి, కర్ర కింద పడేసి. మా చెట్టింటికి ఎక్కినట్టు మెట్టు మెట్టుకూ ఆగుతూ కాదు. పైకెళ్లి కాళ్లు మడిచి కూర్చుని, ఒకసారి తల గుండ్రంగా తిప్పి నాలుగు దిక్కులూ చూశాడు. తమ్ముడూ ఎక్కి ఆయన తొడ మీద తలపెట్టుకుని అరగంట నిద్రపోయాడు. నాన్న దగ్గర కెమెరాలో రీలు అక్కడే అయిపోయింది. మేం డబ్బు కట్టి పడుకున్న చెట్టింటి ఫొటో మా ఆల్బంలో లేదు.

మధ్యాహ్నం దాటాక తిరుగు రైలెక్కాం. సొరంగాలు ఎవరూ లెక్కపెట్టలేదు. కోట వచ్చేసరికి చీకటి పడింది. సంచి అందించడానికి నాన్నతో నేనూ ప్లాట్‌ఫాం మీదికి దిగాను. తాతయ్య తుండుగుడ్డ తలకు చుట్టుకుంటూ, ఉన్నట్టుండి, "ఎంత కట్టావురా రాత్రికి?" అన్నాడు.

ఒట్టు వేయించుకున్న మనిషే నోరు జారాడు. "పన్నెండు వందలు."

తిడతాడనుకున్నాను. ఆయన మొహంలో కోపం లేదు, లెక్క ఉంది. నా వైపు తిరిగాడు. "ఏటికి నాలుగు నెలలు. చిన్నప్పటివి వదిలెయ్, ఇరవై ఏళ్లు వేసుకో. రాత్రికి పన్నెండు వందల చొప్పున ఎంతవుతుందో చెప్పమ్మా" అన్నాడు.

కూత పడింది. నాన్న నన్ను రెక్క పట్టుకుని పెట్టెలోకి లాగాడు. టికెట్టు వెనక పెన్నుతో వేశాను. రైలు కుదుపులకు సున్నాలు రెండుసార్లు తప్పాయి. కొత్తవలస వచ్చేసరికి లెక్క తేలింది. ఇరవై ఎనిమిది లక్షల ఎనభై వేలు. నాన్నకు చూపిస్తే, పెన్ను అడిగి తీసుకుని, నెలకు ముప్పై రోజులే వేశావేమని మళ్లీ మొదటి నుంచి కూడడం మొదలుపెట్టాడు.